ప్రశ్న బతికున్నన్నాళ్లు

మా ఆయన కుడిచెయ్యి సంగతి శాసనసభ దాకా వెళ్లింది. మనిషి మాత్రం మా వసారాలో మంచం మీదే ఉన్నాడు.

ఒక పొద్దున పొలం నుంచి వచ్చి నీళ్ల చెంబు అందుకోబోతే జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. "చెంబుకు నూనె పూసినావా ఏమ్మే?" అని నన్ను కసిరాడు. కసిరిన మాట కూడా మూతి పక్కకు జారేసరికి, తప్పు చెంబుది కాదని తెలిసింది. నంద్యాలలో డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. వాళ్ల పేర్లు గుర్తు లేవు గానీ, పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ ముఖాలు తలచుకుంటాను. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. మందులు సగం పనే చేస్తాయని, మిగతా సగం కసరత్తని, తెలిసిన మనిషి దగ్గరుండి చేయించాలని, అదీ ఈ ఏడాదిలోపే జరగాలని చెప్పింది. ఆలస్యమైతే చెయ్యీ కాలూ ఎట్లున్నవి అట్లే బిగుసుకుపోతాయట.

మా ఊరు ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య, పెద్ద రోడ్డు నుంచి బాగా లోపలికి. మా ఆయన్ను బస్సెక్కించాలంటే ఇద్దరు మోయాలి, ఇంకొకరు ఆయన తిట్లు పడాలి. వారానికి రెండుసార్లు నంద్యాల అంటే అయ్యే పని కాదు. అయితే మా ఊరి ఆరోగ్య కేంద్రం గోడ మీద నీలం రంగుతో, ఇంతింత అక్షరాలతో రాసి ఉంది: మంగళవారం, శుక్రవారం వ్యాయామ చికిత్స. దేవుడు ఎంత దగ్గర్లో పెట్టాడో అనుకుని, గోడకే ఒక దండం పెట్టి లోపలికి వెళ్లాను.

అక్కడి నర్సమ్మ మా వీధిలోనే ఉంటుంది. మొహమాటం తెలియని మనిషి.

"ఆ కసరత్తు సారు యాడమ్మా?" అన్నాను.

"గోడ మీద ఉన్నాడు కదక్కా, చదువుకోనే వచ్చినావు కదా."

"మనిషి యాడ?"

"ఆయప్పకు నాలుగూర్లు. ప్రతి ఊరోళ్లూ మిగతా మూడూర్లలో ఉన్నాడనుకుంటాండారు."

లోపలి గదిలో కూర్చుని తొక్కే సైకిలు ఒకటి, పట్టుకుని నడవడానికి ఇనప కమ్మీలు రెండు ఉన్నాయి. సర్కారు కొన్నవే. సైకిలుకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కమ్మీల మీద తువ్వాలు ఆరేసి ఉంది.

నేను బడి ముఖం చూడలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించాడు, పొట్లాలు కట్టివచ్చిన పత్రికల ముక్కలు చదివించాడు. అందువల్ల నా చదువు ముక్కలుగానే ఉన్నా రాత గుండ్రంగా ఉంటుంది. ఊళ్లో అర్జీ అంటే నా దగ్గరకే వస్తారు. నాకోసం నేను రాసుకున్న మొదటి అర్జీ మాత్రం ఈ కసరత్తు సారు గురించే.

బనగానపల్లెలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు, ఎదురు వరసలో ఒక శాసనసభ్యుడు భోంచేస్తూ కనిపించాడు. మాకు ఓటు సంబంధం లేదు, ఎక్కడో దూరపు చోటికి సభ్యుడు, పెళ్లికూతురి తరఫు చుట్టం. నాయకుడు ఎక్కడి నుంచైనా లేచి వెళ్లిపోగలడు గానీ, ఓళిగ మీద నెయ్యి వడ్డించాక లేవలేడని నాకు తోచింది. అర్జీ పట్టుకుని ఆయన విస్తరి ముందు నిలబడ్డాను.

"ఏందమ్మా ఇది?"

"మా ఆయన చెయ్యి నాయనా."

ఆయన తింటున్న ముద్ద ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత ఎడంచేత్తో కాగితం అందుకుని చదివాడు. "రాత బాగుందే! ఎవరు రాసినారు?"

"నేనే."

"మా గుమాస్తా రాత దీని ముందు కోడి కెలికినట్టుంటాది." పక్కనే కూర్చున్న ముసలి గుమాస్తా తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు.

కాగితం విస్తరితోపాటు మడిచేస్తారనుకున్నాను. నెల తిరిగేసరికి అది సభలో అడిగే ప్రశ్న అయింది. నకలు మా ఇంటికి వచ్చింది. నా మాటలు ఉతికి ఇస్త్రీ చేసినట్టున్నాయి. "(అ) సదరు ఆరోగ్య కేంద్రమునకు వ్యాయామ చికిత్స నిపుణుడు వారమునకు రెండు దినములు రావలసియున్నదనుట వాస్తవమేనా? (ఆ) అయినచో, వచ్చుచున్నాడా? (ఇ) రానిచో, ప్రజాధనముతో కొన్న పరికరములు ఏమి చేయుచున్నవి?"

మూడోదానికి జవాబు నాకు తెలుసు. తువ్వాలు ఆరేస్తున్నాయి.

అంతే, వారం తిరక్కముందే జీపులు దిగాయి. గోడ మీద అక్షరాలకు మళ్లీ రంగు పడింది. సైకిలుకు కవరు ఊడింది. మంగళవారం ఉదయం కసరత్తు సారు స్కూటరు మీద, ఆరోగ్య కేంద్రం ఎక్కడని దారి అడుక్కుంటూ వచ్చాడు. ముప్పై దాటిన సన్నటి మనిషి. మా ఆయన్ను నలుగురు పట్టి అక్కడికి తీసుకుపోతే, ఆయన సారును కిందినుంచి పైదాకా చూసి, వంకరపోయిన మూతితోనే అన్నాడు: "గోడ దిగొచ్చినావా నాయనా?"

పని మాత్రం తెలిసినవాడు. దేవుడు పంపించే మనుషులు ఒక్కోసారి ఆలస్యంగా వస్తారు గానీ సరుకు మంచిదే ఉంటుంది. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి శనగలు ఒక్కొక్కటే వేయించేవాడు.

"బస్తాలు మోసినోడితో గింజలేరిపిస్తాండావు గదప్పా!"

"బస్తా ఎవురైనా మోస్తారు పెద్దాయనా. గింజ పట్టు, చూస్తా."

అయ్యాక ఫోటో తీసేవాడు. "ఏడుపు మొహం పెట్టొద్దు, ఇది పైకి పోతాది." అప్పుడు మా ఆయన కావాలనే ఇంకా ఏడుపు మొహం పెట్టేవాడు. అయిదో వారంలో బొటనవేలు చూపుడువేలిని తాకింది. ఆ రెండు వేళ్ల మధ్య ఉన్న ఒక్క శనగగింజను తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాను.

నర్సమ్మే నా సంతోషం మీద నీళ్లు చల్లింది. "ప్రశ్న బతికున్నన్నాళ్లే అక్కా ఈ మర్యాద. మంత్రి సభలో లేచి అవునండీ అన్నాడంటే ఫైలు మూత. ఈ సారు మళ్లీ గోడెక్కుతాడు."

సారు పక్కనే ఉన్నాడు, సిగ్గేమీ పడలేదు. "నేనేం జేతునక్కా? ప్రశ్న యాడుంటే ఆడికి తోల్తారు. మొన్నటిదాకా ఇంకో పక్క ప్రశ్న ఉండె. ఇప్పుడు మీది."

సమావేశాలు మొదలయ్యాయి. నేనూ మా ఆయనా పొద్దున్నే టీవీ ముందు కూర్చునేవాళ్లం. మా ప్రశ్న ఉన్న రోజున అది జాబితాలో పదోది. ప్రశ్నలకు ఇచ్చేది గంట. వంతు రాకపోతే మంత్రి అవునండీ అనలేడు, మా ప్రశ్న బతికే ఉంటుంది అనుకున్నాను. గంటలోపల పదోది రాకుండా ఉండాలంటే ముందు ప్రశ్నల దగ్గరే పెద్దగా ఏదైనా జరగాలి. శ్రీశైలం మల్లన్నను ఇలాంటి పనికి కదిలించబుద్ధి కాలేదు, ఆయన ధ్యానంలో ఉంటాడు. అహోబిలం నరసింహస్వామికైతే కోపం సంగతి తెలుసు. "స్తంభం చీల్చుకుని వచ్చినవాడివి తండ్రీ, సభలో కాస్త గలాటా చేయించలేవా? ఎవరికీ దెబ్బలు తగలకుండా," అని వేడుకున్నాను.

"దేవుడు యా పార్టీ అనుకుంటాండావు ఏమ్మే?" అన్నాడు మా ఆయన.

"కోపం పార్టీ."

స్వామి ఆలకించాడు. మూడో ప్రశ్న దగ్గర ఒకాయన ఏదో అన్నాడు, ఎదుటి వరస మొత్తం లేచింది. కాగితాలు చింపి గాల్లోకి విసిరారు. ఒకాయన బల్ల ఎక్కబోయి పంచె అడ్డం పడి ఆగిపోయాడు. అధ్యక్షస్థానంలో ఉన్నాయన కూర్చోండి కూర్చోండి అంటూ చివరికి తనే లేచి వెళ్లిపోయాడు. అంత అందమైన దృశ్యం నేను టీవీలో ఎప్పుడూ చూడలేదు. అటు పక్షానికీ ఇటు పక్షానికీ సమానంగా ఆయుష్షు కోరుకుని కొబ్బరికాయ కొట్టాను. ఒక చిప్ప నర్సమ్మకు ఇచ్చాను.

శుక్రవారం సారు రాలేదు. మంగళవారమూ రాలేదు.

"జవాబు ఇచ్చేసినారంట కదక్కా," అంది నర్సమ్మ.

"యాడ ఇచ్చినారు? కళ్లారా చూస్తిని, అరుపులే గదా!"

ఆ సభ్యుడు ఏదో పని మీద నంద్యాల వచ్చి చుట్టాలింట్లో దిగాడని తెలిసి పరిగెత్తాను. ఆయన నన్ను గుర్తుపట్టి, గర్వంగా ఒక కాగితం చేతికిచ్చాడు. (అ) అవునండి. (ఆ) అవునండి. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

"అంతా అవునండీ అన్నారు కదమ్మా! ఇంకేం గావల్ల?"

"ఆయన రావల్ల నాయనా."

"వస్తాండాడని రాసినారే!"

ఆయన్ను ఎవరో పిలిస్తే లోపలికి వెళ్లాడు. అప్పుడు గుమాస్తా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నాకు అసలు సంగతి చెప్పాడు. సమయం చాలక మిగిలిపోయిన ప్రశ్నలకు జవాబులు చదవరట, సభకు ఇచ్చేసినట్టే భావిస్తారట. "గలాటా అయితేనేనమ్మా తొందరగా తేలిపోయేది. సభ నిదానంగా నడిచింటే మా సారు లేచి రెండు మాటలు అడిగింటాడు."

అంటే కొబ్బరికాయ కొట్టి మరీ మా ఆయన చేతిని నేనే మూయించాను. ఆ మాట గుమాస్తాతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"చూడమ్మా, అవునండీ అన్యారంటే ప్రశ్న సచ్చిపోతాది. పరిశీలిస్తాం అనిపించల్ల. అది హామీ కింద లెక్క. హామీలు చూసేకి సభలోనే ఒక కమిటీ ఉంది. చేసినారని తేలేదాకా మూసేకి లేదు. ఏమైంది, ఏమైంది అని అడుగుతానే ఉంటారు."

పరిశీలిస్తాం! ఆ మాట టీవీలో వినపడితే చాలు, మా ఇంట్లో తిట్లు మొదలయ్యేవి. అందరూ ఎగతాళి చేసే మాట దగ్గరికే నన్ను పంపించి ఆదుకోవడం ఆ స్వామికే చెల్లింది.

గుమాస్తా, నేనూ అక్కడే కూర్చుని కొత్త ప్రశ్న రాశాం. మూడుసార్లు చింపాం. అవునండీ అంటే ఖర్చు మీద పడాలి, లేదండీ అంటే పరువు పోవాలి, ఉత్పన్నం కాదంటే కుదరకూడదు. చివరికి కుదిరింది: నాలుగు ఊళ్లవాళ్లకు ఒక్కడే నిపుణుడు చాలడం లేదు కనుక రోజులు పెంచే ఆలోచన ఉన్నదా? రాసింది ఆయన, సాపు చేసింది నేను.

సమావేశాలు మళ్లీ పెట్టడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ శనగలతో నేనే కుస్తీ పట్టాను గానీ నా చేతుల్లో ఆ విద్య లేదు. బొటనవేలు మళ్లీ మొండికేసింది. డాక్టరమ్మ చెప్పిన ఏడాదిలో ఎన్ని నెలలు మిగిలాయో గోడ మీది క్యాలెండరు చూడడానికి నాకు భయం వేసేది. ప్రశ్న తీసుకున్నారని కబురు వచ్చిన మరుసటి మంగళవారమే స్కూటరు చప్పుడు వినిపించింది. ఈసారి సారు దారి అడగలేదు.

సభలో మా వంతు రోజున ప్రశ్న రెండోది. పొద్దున్నే స్వామికి విన్నవించుకున్నాను, చెంచులక్ష్మమ్మతో కబుర్లు చెప్పుకుంటూ ఈ ఒక్క గంట శాంతంగా కూర్చోమని. నర్సమ్మ కూడా మా ఇంటికే వచ్చింది. సభ్యుడు లేచి నేను సాపు చేసిన మాటలే చదివాడు. మంత్రి కాగితాలు అటూ ఇటూ తిప్పాడు, వెనక్కి చూశాడు, ఎవరో చీటీ అందించారు. గొంతు సవరించుకున్నాడు.

"గౌరవ సభ్యులు చెప్పిన విషయాన్ని తప్పకుండా పరిశీలిస్తామండి."

"థూ, మళ్లా అదే మాట!" అన్నాడు మా ఆయన అలవాటు కొద్దీ. నేను టీవీకి రెండు చేతులూ జోడించాను. నర్సమ్మ చప్పట్లు కొట్టింది.

ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు. రోజులు పెంచలేదు, ఉన్న రెండు రోజులూ తగ్గించలేదు. కమిటీ నుంచి ఎప్పుడు కాగితం వస్తుందోనని సారు మంగళ, శుక్రవారాలు తప్పడం లేదు. పక్కూళ్ల నుంచి ఇంకా నలుగురు వస్తున్నారు, కమ్మీల దగ్గర వంతుల కోసం పోట్లాడుకుంటున్నారు. తువ్వాలుకు వేరే దండెం కట్టాల్సి వచ్చింది.

మొన్న మంగళవారం సారు చెమట తుడుచుకుంటూ నన్నడిగాడు. "ఇంకెన్నాళ్లక్కా నన్ను ఈ ఎండకు తిప్పేది?"

"పరిశీలన అయ్యేదాకా అప్పా. చల్లగా ఉండు, మజ్జిగ తాగు."

మా ఆయన బల్ల మీద కూర్చుని చొక్కా గుండీలు కుడిచేత్తో తనే పెట్టుకుంటున్నాడు. నేను సాయం పోబోతే మోచేత్తో తోసేశాడు. చాలాసేపటికి నాలుగు పడ్డాయి.

"అయిదోది పెద్దాయనా?" అన్నాడు సారు.

"పరిశీలిస్తాండా," అన్నాడు మా ఆయన.