జాడీకి పట్టిన బూజు

వానలకు ఊరంతా నెమ్మెక్కిన జూన్ నెలలో, భర్త ఆసుపత్రిలో చేరిన ఇరవై మూడు రోజుల తర్వాత, కినుయే ఆ జాడీ మూత తీసింది. లోపల తెల్లగా బూజు, ముక్కు మూసుకునేంత కంపు. వంటింట్లో నేల మీదే చతికిలబడింది.

మిషిమాలో మూడు తరాలుగా మలుగు చేపలు కాల్చి అమ్మిన ఇంటి జాడీ అది. కాలుతున్న చేపకు పూసే తారే, అంటే తీపీ ఉప్పూ కలిసిన ఆ చిక్కటి రసం, అందులో ఏనాడూ నిండుకోలేదు. తరిగినంత కొత్తది కాచి పాతదానిలో కలిపేవారు. రోజూ ఒకసారి గిన్నెలోకి వంచి మరగబెట్టాలి, లేదంటే పాడైపోతుంది. కొట్టు మూసేసి మూడేళ్లయినా తోకుజీ ఆ పని మానలేదు. యాభై ఏళ్ల కాపురంలో భార్యను ఆ మూత మీద చెయ్యి వేయనిచ్చిన పాపాన పోలేదు. అంత మొండిమనిషీ ఆసుపత్రికి మోసుకెళ్తుంటే, "కినుయే, రోజూ మరగబెట్టు, మర్చిపోకు" అని బతిమాలాడు.

ఆమె మర్చిపోయింది. మొదటి బస్సుకు వెళ్లి అతని మంచం పక్కన కూర్చునేది, చివరి బస్సుకు వచ్చి కట్టుబట్టలతోనే పడుకునేది. ఇంట్లో జాడీ ఒకటుందన్న ధ్యాసే లేదు.

ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు రేపు ఇంటికి పంపేస్తున్నారు. అతను అడిగింది ఒక్కటే, ఆ తారేతో రెండు ముద్దల అన్నం.

కినుయే ఏడుస్తూనే జాడీ కడిగింది. చేపల కొట్టుకు వెళ్లి మలుగు ముళ్లు తెచ్చి ఎర్రగా కాల్చింది. మిరిన్ అనే తియ్యటి బియ్యపు సారాను ఘాటు పోయేదాకా మరిగించి, సోయా సాస్, పంచదార, ఆ ముళ్లు వేసి, సన్నని సెగ మీద పాకంలా చిక్కబడేదాకా కదలకుండా నిలబడింది. కొలతలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. అన్నేళ్లు పక్కనుండి చూసిందే చదువు. రుచి బాగానే కుదిరింది కానీ అది పాతది కాదు. మూడు తరాల రుచి ఒక్క మధ్యాహ్నంలో ఎక్కణ్ణుంచి వస్తుంది?

మర్నాడు తోకుజీని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, మొదటి ముద్ద ఆమే నోట్లో పెట్టింది. అతను కళ్లు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"ఇది జాడీలోది కాదు."

అబద్ధం ఆడదామనుకుంది, నోరు రాలేదు. "బూజు పట్టిందండీ. పారబోశాను. నా బుద్ధి గడ్డి తింది. మీ తాతగారి నాటిది, అంతా నా చేతుల్లోనే మట్టిపాలైంది."

"ఎందుకు మరగబెట్టలేదు?"

"మీ దగ్గరే ఉన్నాను కదండీ."

తోకుజీ కిటికీ వైపు తిరిగాడు. బయట వాన పడుతూనే ఉంది.

"మా అమ్మ పోయిన రోజు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మని" అన్నాడు. "తారే పొయ్యి మీద ఉంది. మరిగాక వెళ్దాంలే అనుకున్నాను. వెళ్లేసరికి ముఖం మీద తెల్లగుడ్డ కప్పేశారు."

ఇన్నేళ్లలో ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు. కినుయేకు దుఃఖం ఆగలేదు. అతను తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"పంచదార ఎక్కువేశావు" అన్నాడు తోకుజీ, నోరు తెరుస్తూ. "ఇంకో ముద్ద పెట్టు."