విశ్రాంతి కాగితం

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీకి రోజువారీ పనికి వెళ్లేదాన్ని. కూలీలను తీసుకెళ్లే బస్సు వాళ్లు పిలిస్తే పని, లేకపోతే లేదు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు.

నేర్పింది నా గదిలోనే ఉండే నెల్లూరు అమ్మాయి, చెల్లెలనే పిలిచేదాన్ని. ఆమె పని ఇస్త్రీ మిషన్ దగ్గర. పళ్లెంలో చపాతీ పిండి చల్లి వేలితో తన పేరు రాసేది, నేను దాని కింద దిద్దేదాన్ని. అందుకే నా పేరు కంటే ముందు ఆమె పేరు వచ్చింది, ఆమె రాసే వంపులతోనే.

పొద్దున పని మొదలవకముందే సూపర్‌వైజర్ ఒక కాగితం తెచ్చేవాడు. మధ్యాహ్నం అరగంట కూర్చున్నామని అందులో సంతకం పెట్టాలి. అతనిది హైదరాబాద్.

"ఇంకా కూసోనే లేదు గద సార్," అన్నాను మొదటి రోజు.

"బస్సుల కూసునే వచ్చినవు గదమ్మా. పెట్టు, యల్లా, జల్ది."

మిషన్ వేడెక్కించడానికి చెల్లెలు ముందే లోపలికి పోయేది. తన సంతకం కూడా నన్నే పెట్టమనేది. నిజం చెప్పాలంటే, ఇష్టంగానే పెట్టేదాన్ని.

"నా పేరు నాకంటే నువ్వే బాగా రాస్తుండావక్కా. రేపట్నించి ఇస్త్రీ నువ్వు చెయ్యి, సంతకాలు నేను పెడతా," అని నవ్వేది.

ఆ ఆగస్టులో ఇస్త్రీ గదిలో ఫ్యాన్లు చెడిపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించలేదు. ఒక మధ్యాహ్నం ఆమె స్పృహ తప్పి మిషన్ పక్కనే పడిపోయింది. ముంజేయి కాలింది.

మూడో రోజు మేనేజర్ మా ఇద్దరినీ పిలిచాడు. అందరూ ముదీర్ అనేవారు. పడిపోయిన రోజు పొద్దుటి నుంచి కూర్చోనివ్వలేదని చెల్లెలు చెప్పింది. అతను కాగితాలు తీసి ఆమె పేరు చూపించాడు. సంతకం నీదే, అబద్ధాలు చెప్పేవాళ్లు మాకు వద్దు అన్నాడు హిందీలో. ఆమె ఆ పేరు వైపు చూసింది. తాను రాయలేదని అనలేదు. అని ఉంటే పోయేది నా పని.

"అది నేను రాసిందే," అన్నాను నాకు వచ్చిన హిందీలో.

రాసి చూపించమన్నాడు. రాశాను, ఒక్క అక్షరం తప్పలేదు. అతను రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఐతే మోసం నీది. ఖలాస్."

పొద్దున్నే ఎందుకు రాయిస్తున్నావని సూపర్‌వైజర్‌ను మాత్రం ముదీర్ అడగలేదు. మర్నాటి నుంచి నన్ను బస్సుకు పిలవలేదు. చెల్లెల్ని తీసేయలేదు, అంతవరకు నయం.

చెయ్యి మానాక ఆమె మళ్లీ పనికి వెళ్లింది. ఆ సాయంత్రం గదికి రాగానే అడిగాను.

"సంతకం ఎవరు పెట్టిండ్రు?"

"నేనే అక్కా. పొద్దున్నే."

"మరి కూసున్నవా?"

ఆమె చెప్పులు విడిచి గోడకు ఆనుకుంది.

"కుర్చీ అయితే తెచ్చి పెట్టినారు," అంది. "మిషన్ ఆపనీరు."