మంచుగోడ మీద మోకు

అంటార్కిటికా ఓడ యాత్రలో ఒకరోజు మమ్మల్ని మంచుగోడ ఎక్కించారు. ఓడ ఉద్యోగి ఒకతను నా నడుముకు తాడు బిగిస్తుంటే, "అచ్చం కల్లు గీసేవాళ్ల మోకులా ఉందే" అని తెలుగులో గొణిగాను. అతని చేతులు ఆగాయి.

"మాది గొల్లపల్లి సార్, జగిత్యాల దిక్కు. మా నాయన తాటిచెట్లు ఎక్కుతడు."

కరువులో కల్లు పడక దుబాయ్ వెళ్లి, అక్కడా పని పోయి, ఈ కంపెనీలో చేరాడట. అప్పుడు కంపెనీకి ఒక్కటే ఓడ, ఇప్పుడు ఐదట.

నేను ఇరవై అడుగులెక్కి వణుకుతూ దిగాను. అందరూ చప్పట్లు కొట్టి, 'సాహసి' అని సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. సిగ్గేసింది. "ఇది మీ నాన్నకివ్వాలి. పేరు చెప్పు, రాస్తాను" అన్నాను.

"వద్దు సార్," అన్నాడతను తాడు చుట్టుకుంటూ. "గంత ఎత్తు ఎక్కినోడు ఉత్త చేతులతోని ఎట్ల దిగిండురా అని అడుగుతడు. నేనేం జెప్పాలె?"