ఫౌజు వంతు

నాది అనుమానపు బుర్ర. ఈ మాట మొదట మా అమ్మ అనేది, తరువాత మా ఆవిడ అంది, ఇప్పుడు నేనే అంటున్నాను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడు ఎందుకు నవ్వాడా అని ఇల్లు చేరేదాకా ఆలోచించే రకాన్ని. ఇరుసు వంగి చూసుకోనిదే బండెక్కను. దీనివల్ల నాకు కలిగిన లాభాలు కొన్ని ఉన్నాయి గానీ వాటి సంగతి ఎవరూ అడగరు. కలిగిన నష్టం ఒకటుంది. అది రెండో యుద్ధం రోజుల్లో, గద్వాలలో, మా తాలీములో జరిగింది.

తాలీమంటే కుస్తీ, కర్రసాము నేర్పే చోటు. మాది కోట వెనక సందులో ఉండేది. పైన పెంకులు, నడుమ ఎర్రమట్టి పోసిన గోదా, గోడవారగా ముద్గరాలు. ముద్గరాలంటే భుజాల మీదుగా తిప్పే బరువైన కొయ్య దుంగలు. ఒక్కొక్కరికి ఒక్కో జత. ఒకరి జత ఇంకొకరు ముట్టకూడదు. మా ఉస్తాదు అప్పటికే అరవై దాటిన ముస్లిం పెద్దాయన. ముందుపళ్ళు రెండు ఊడాయి గానీ మెడ మాత్రం ఎద్దు మెడలాగే ఉండేది. సేద్యగాళ్ళ పిల్లలం, మగ్గాలు నేసేవాళ్ళ పిల్లలు, జట్కాలు తోలేవాళ్ళ పిల్లలు, అందరం ఆయన కాళ్ళకు మొక్కి గోదాలో దిగేవాళ్ళం.

ఆయన మమ్మల్ని ఇద్దరిద్దరిని జోడీ కట్టేవాడు. జోడీలు ఒకరి ఒంటికి ఒకరు నూనె రాయాలి, ఆ తరువాత ఒకరినొకరు పడగొట్టుకోవాలి. నా జోడీది రాజోలి. గద్వాలలో మేనమామ ఇంట్లో ఉండి వాళ్ళ సేద్యం చూసేవాడు. ఇద్దరికీ ఇరవై రెండేళ్ళు. ఐదేళ్ళు ఆ మట్టిలో కలిసి పొర్లాం. వాడి ఎడమ మోకాలు ఎప్పుడు పట్టేస్తుందో వాడికంటే ముందు నాకు తెలిసేది. వాడిమీద మాత్రం నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు. మనిషికి అలాంటివాడు ఒక్కడన్నా ఉండాలి.

యుద్ధం ముదిరాక మా తాలీము నుంచి ముగ్గురు ఫౌజులో చేరారు. వాళ్ళలో వాడొకడు. ముగ్గురూ రైలెక్కిన వారానికే ఉస్తాదు ఒక పద్ధతి పెట్టాడు.

"వాళ్ళు పోయిండ్రు గని వాళ్ళ వంతు యాడికీ పోలె. శనివారం శనివారం ఎవని జోడీ వాడు యాభై దండీలు ఎక్కువ తియ్యాలె. అది ఫౌజు వంతు. ఆడ వాళ్ళు తుపాకులు మోస్తుంటే ఈడ వాళ్ళ జాగ ఖాళీగుంటే మనకే సిగ్గు," అన్నాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఆ ముగ్గురి ముద్గరాలు కడిగి, బొట్టు పెట్టి, పూలుంటే పూలు లేకుంటే వేపరెమ్మ పెట్టేవాళ్ళం. నేలకు చేతులు ఆనించి తీసే నా దండీలు ముగించుకుని, వాడి జత ముందుకు పోయి వాడి యాభై తీసేవాణ్ణి. అయ్యాక "ఫౌజు వంతు అయింది" అని గట్టిగా చెప్పాలి. ఉస్తాదు "శభాష్" అనేవాడు. ఆ శభాష్ నాకు కాదు, లేనివాడికి. అయినా ఆ యాభై తీస్తున్నంతసేపూ వాడు పక్కనే రొప్పుతున్నట్టు ఉండేది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, ఆ వారం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమయం అదే.

ఏడాదిన్నర అలా గడిచింది. దసరా ఇంకా నెల ఉందనగా నా జోడీ దగ్గరినుంచి ఉస్తాదు పేర జాబు వచ్చింది. పల్టన్‌లో తోటివాడెవడితోనో రాయించాడు కాబట్టి ఉర్దూలో ఉంది. ఉస్తాదుకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, అక్షరం రాదు. తాలీములో నాలుగో తరగతి దాకా ఉర్దూ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు అదొక గొప్ప. గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాయి. దసరా పండుగ మాట వచ్చింది. అక్కడ ఆగిపోయాను.

గొలుసుకట్టు రాత. ఫే ఉంది, రే ఉంది. దాని తరువాత ఒక నిలువు గీత. ఆ గీత పక్కనే కిందికి జారిన ఒక వంపు. అలిఫ్, రే. ఫరార్. దసరాకు ఫరారై వస్తున్నానని రాయించాడు. ఫౌజు వదిలి పారిపోయి వస్తున్నాడన్నమాట.

"ఏందిరా, ఆగినవ్?" అన్నాడు ఉస్తాదు.

"ఏం లేదు ఉస్తాద్. దసరాకు వస్తున్నడంట."

ఆ ఒక్క మాట మింగేసి మిగతాది చదివాను. ఉస్తాదు ముఖం వెలిగిపోయింది. "అరే వాహ్! ఆయుధపూజనాడు అందరి ముంగట వాని తలకు రుమాలు కడ్త. అమీన్ సాబును గూడ పిలుస్త. మన తాలీముల గూడ ఫౌజీలున్నరని సూడనీ," అన్నాడు.

అమీన్ అంటే ఠాణా పెద్ద. అంతకు పది రోజుల ముందే బిజినేపల్లిలో మా పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఒక మాట విన్నాను. ఎక్కడో ఫౌజు నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి పట్టుకుపోతూ, అన్నం పెట్టి దాచినవాళ్ళను కూడా కట్టి తీసుకుపోయారట. ఇక్కడ మా ఉస్తాదు పారిపోయి వచ్చినవాడికి అమీన్ ఎదురుగానే తలపాగా కడతానంటున్నాడు. వాడితోపాటు ఆయన కూడా పోతాడు, తాలీముకు తాళం పడుతుంది.

ఆ జాబు ఇంకొకరితో చదివించి ఉండొచ్చు గదా అని మీరు అడుగుతారు. ఎవరితో చదివించను? పోస్టు మాస్టరుకు చూపిస్తే ఠాణాకు తెలుస్తుంది. వకీలుకు చూపిస్తే ఊరికి తెలుస్తుంది. బడి పంతులుకు కడుపులో మాట దాగదు. ఊళ్ళో అందరిమీదా నాకు అనుమానమే, నా ఉర్దూ మీద తప్ప.

ఆ శనివారం వాడి ముద్గరాల ముందు నిలబడ్డాను. చేతులు నేలకు ఆనలేదు. ఎవరి వంతు తియ్యాలి? తుపాకి పారేసి పారిపోయేవాడి వంతా? మిగతావాళ్ళు గోదా దగ్గర కేకలు వేస్తున్నారు. ఊరికే కాసేపు వంగి లేచి, "ఫౌజు వంతు అయింది" అన్నాను. "శభాష్" అన్నాడు ఉస్తాదు. అలా నాలుగు శనివారాలు అబద్ధం చెప్పాను.

పండుగకు ఐదు రోజుల ముందు వాడు వచ్చాడు. వచ్చిన తీరంతా నా అనుమానానికి అచ్చుగుద్దినట్టే ఉంది. రైలు దిగి నేరుగా రాలేదు. ముందు రాజోలి పోయి, అక్కడినుంచి కట్టెల బండి మీద వచ్చాడు. ఒంటి మీద ధోవతి, మామూలు అంగీ. గోదా అవతలినుంచే "ఏంరా, గింత బక్కగైనవేంది?" అని అరిచి నన్ను ఎత్తి కుదేశాడు. నేనూ కౌగిలించుకున్నాను. కౌగిలించుకుంటూనే అడిగాను.

"డ్రెస్సేది రా?"

"పెట్టెల వడేసిన. దాన్ని సూస్తేనే ఒళ్ళు దురద పుడ్తది."

తుంగభద్రలో పారేసి ఉంటాడనుకున్నాను.

"ఎన్నొద్దులుంటవ్?"

"ఉండనిచ్చినన్నొద్దులు."

"మల్ల ఎప్పుడు పోతవ్?"

"పోవాల్సినప్పుడు పోత. ఏందిరా, ఠాణాల అడిగినట్టు అడుగుతున్నవ్?" అని నవ్వాడు.

ఠాణా మాట వాడే ఎత్తాడు. దాన్ని కూడా మనసులో రాసుకున్నాను. ఆ ఐదు రోజులూ వాడు ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించి, ముఖం వాకిలి వైపు పెట్టుకునేవాడు. వీధిలో ఎవరో రేకు డబ్బా పడేస్తే చటుక్కున లేచి నిలబడ్డాడు. యుద్ధం గురించి అడిగితే "ఏమున్నది చెప్పనీకి" అని మాట మార్చాడు. ఇప్పుడు తలచుకుంటే అవన్నీ యుద్ధం చూసి వచ్చిన మనిషి గుర్తులని చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. నాకు మాత్రం పోలీసులకు భయపడేవాడి గుర్తుల్లాగే కనబడ్డాయి. నిజానికి వాణ్ణి ఒక్కమాట సూటిగా అడిగి ఉండాల్సింది. అడిగితే అవునంటాడేమోనని భయం. అవునంటే నేనేం చేయాలి? దాచనా, చెప్పనా? అడగకుండా ఉంటే ఈ బాధ లేదు కదా అని ఊరుకున్నాను.

దసరా పొద్దున తాలీము నిండా జనం. కర్రలు, కత్తులు, ముద్గరాలు వరుసగా పేర్చి కుంకుమ పెట్టాం. అమీన్ సాబు కుర్చీలో కూర్చున్నాడు. ఉస్తాదు ముందు ఆ రాలేని ఇద్దరి ముద్గరాలకు రుమాళ్ళు చుట్టి, వాటికి చేతులెత్తి సలాము చేశాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు. తరువాత నా జోడీని పిలిచాడు. వాడు లంగోటీతో గోదాలో దిగి తల వంచి నిలబడ్డాడు. రుమాలు కట్టాక జోడీ వాడి వీపుకు ఎర్రమట్టి రాయాలి. ఆ మట్టి పళ్ళెం నా చేతుల్లో ఉంది.

ఉస్తాదు రుమాలు పైకెత్తాడు. నావల్ల కాలేదు.

"ఉస్తాద్, జర ఆగుండ్రి. కట్టే ముందు వీని కాగితం సూడుండ్రి."

ఆయన చెవిలో చెప్పాననుకున్నాను. అందరికీ వినబడింది.

"ఏం కాగితం రా?"

"ఫౌజు వాళ్ళిచ్చింది. ఉంటే."

అమీన్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఉస్తాదును కాపాడుతున్నానని ఆ నిమిషాన నిజంగా నమ్మాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటాను, లేకపోతే బతకలేను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. గోదాలోంచి పైకెక్కి, కొయ్యకు తగిలించిన అంగీ జేబులోంచి మడత కాగితం తీశాడు. దాన్ని నాకివ్వలేదు, నన్ను దాటిపోయి అమీన్ చేతికిచ్చాడు. ఆయన విప్పి చదివాడు.

"ఫర్లో. రెండు నెల్ల ఫర్లో. మొహరున్నది, దస్కతున్నది. అంతా ఠీకే గదా, ఏమొచ్చింది పరేషాన్?"

"ఫర్లో అంటే ఏంది సాబ్?" అన్నాడు ఉస్తాదు.

"రజా. పల్టన్ల లంబా సెలవును ఫర్లో అంటరు."

ఆ నిలువు గీత అలిఫ్ కాదు, 'ల' పలికే లామ్. పక్కనున్న వంపు రే కాదు, తల పూడుకుపోయిన వావ్, 'ఓ' పలికేది. ఫర్లో మీద వస్తున్నానని రాయించాడు వాడు. గద్వాలలో మేమెవరం ఆ మాట ఎన్నడూ వినలేదు. ఫరార్ అనే మాట మాత్రం అందరికీ తెలుసు.

"జాబు సదివింది నువ్వే గదరా?" అన్నాడు వాడు.

"నేనే. ఫరార్ అని సదివిన."

ముందు ఎవడో కిసుక్కున నవ్వాడు. తరువాత తాలీమంతా నవ్వింది, అమీన్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉస్తాదు నా నెత్తిన ఒక్కటి మొట్టి "గాడిదా, నీ సదువు మన్నుగాను!" అని తానూ నవ్వాడు. బతికిపోయాననుకుని నేనూ నవ్వబోయాను. వాడు నవ్వడం లేదు.

"నేనొచ్చి ఐదొద్దులాయె. ఒక్క మాట అడగకపోతివి," అన్నాడు.

ఉస్తాదు వాణ్ణి గోదాలోకి లాక్కుపోయి రుమాలు కట్టాడు. మా ఇద్దరి మధ్యా మాట కలపాలని కాబోలు, గట్టిగా అన్నాడు: "వీడు ఎడ్డోడే గని బేటా, నీ వంతు ఒక్క శనివారం గూడ తప్పలేదు. నీ యాభై వీడే తీసిండు."

నేను పళ్ళెంలోంచి మట్టి తీసుకుని వాడి వీపుకు రాస్తున్నాను. వాడు వెనక్కి తిరగకుండానే, నాకొక్కడికే వినబడేట్టు అడిగాడు.

"ఈ నెల గూడనా?"

నా చెయ్యి ఆగిపోయింది. ఐదేళ్ళ జోడీకి చెయ్యి ఆగితే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. వాడు "సరే" అన్నాడు. రుమాలుతోనే అమీన్‌కు సలాము చేసి, ఉస్తాదు కాళ్ళకు మొక్కి, ఆ మధ్యాహ్నమే రాజోలి పోయాడు. మిగిలిన రజా అంతా అక్కడే గడిపి పల్టన్‌కు వెళ్ళిపోయాడు.

ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా నేను ఒక్క శనివారం తప్పలేదు. ఎగ్గొట్టిన రెండు వందలూ ఒకరోజు ఒక్క పూటే తీశాను. రెండు రోజులు చేతులు పైకి లేవలేదు. ఎవరూ చూడలేదు, ఎవరికీ చెప్పలేదు. వాడికి జాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని, నా ఉర్దూ మీద నమ్మకం లేక లేచాను.

యుద్ధం అయ్యాక వాడు గద్వాలకు రాలేదు. వనపర్తి పిల్లను చేసుకుని అక్కడే ఉండిపోయాడని, అక్కడి తాలీములో నేర్పుతున్నాడని విన్నాను. ఒక వేసవిలో వనపర్తిలో కుస్తీలు పెడితే మా తాలీము తరఫున నేను పోయాను. పోవడానికి అదొక సాకు. వాడు కనబడితే ఏమనాలో దారంతా కూడబలుక్కుంటూ పోయాను. తిడతాడు, నేను పడతాను, ఆ తరువాత ఇద్దరం గోదాలో దిగుతాం అనుకున్నాను.

వాడు దూరంనుంచే చూసి, జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు. రెండు చేతులూ జోడించాడు.

"రాండ్రి, కూసోండ్రి. మంచిగున్నరా?"

నా వెనక ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. వాడు తన కుర్చీ నాకు వేసి, షర్బత్ తెప్పించి, ఇంట్లోవాళ్ళందరి క్షేమం పేరుపేరునా అడిగాడు. ఎక్కడా ఒక్క మాట వంకర లేదు. ఐదేళ్ళలో వాడి నోట అరేయ్, ఒరేయ్ తప్ప వినని మనిషిని నేను. ఏంరా అందామని నోరు తెరిచాను.

"మంచిగున్న," అన్నాను. "మీరు?"