తడిగోడ ముందు చివరి మాట

"...టిక్కెట్టు కొన్న జనం ఎదురుగా కూర్చునేదాకా ఆ మాట మీ నోట్లోంచి ఊడిపడదు, అంతేనా ఐవీ?"

"ఊడిపడదు నాయనా. రిహార్సల్లో చివరి మాట అన్నామంటే నాటకం మునుగుతుంది. అదొక పద్ధతి."

"పద్ధతులకేం, మొన్నమొన్నటిదాకా ఈ దేశంలో ఉరి తియ్యడం కూడా పద్ధతే."

రంగస్థలం మీద నవ్వింది ఒక్క బెరిల్. ఆమె కుడిపక్క తెర చాటున, మాటలు అందించే చోట, నాటకం రాతప్రతి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మాటన్న దర్శకుడు డెనిస్ కార్మోడీ కోటు కాలరు పైకెత్తుకుని మూడో వరసలో ఉన్నాడు. ఫిబ్రవరి నెల. సముద్రం మీదినుంచి వచ్చే చలి గోడల్లోంచి లోపలికి వస్తుంది. ఆట ఉన్న రాత్రి తప్ప హాల్లో వేడి పెట్టరు. ఐవీ థ్రెల్‌ఫాల్ వంటింటి కుర్చీలో ఖాళీ టీకప్పు పట్టుకుని కూర్చుని ఉంది.

'తడిగోడ' నాటకాన్ని యుద్ధం ముగిసిన ఆరేళ్లకు లండన్‌లో ఒక నేలమాళిగలో మొదటిసారి ఆడారు. బాంబు పడ్డ ఇంటికి మరమ్మతు చేయిస్తే ఒక గోడ మాత్రం ఎన్నాళ్లకూ ఆరదు. కూతురు ఇల్లు విడిచి వెళ్తుంది, తల్లి వెళ్లదు. అంతే కథ. సెన్సారు వాళ్లు తండ్రి నోటి తిట్టు ఒకటి కొట్టేశారు. పత్రికలు పెదవి విరిచినా ఉత్తరాది మిల్లు ఊళ్లు ఆ నాటకాన్ని వదల్లేదు. అక్కడి జనానికి తడిగోడ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక వేసవిలో సముద్రతీరపు ఊరి నాటకశాల మేనేజరొకడు, సెలవులకొచ్చిన వాళ్లను ఏడిపించడం దేనికని, చివర్లో కూతుర్ని వెనక్కి రప్పించాడు కూడా. ఇప్పుడు సెన్సారు పోయింది, తిట్టు మళ్లీ వచ్చి చేరింది.

లండన్ నేలమాళిగలో ఆ కూతురు నెల్ వేషం ఐవీదే. ఆ తర్వాత పక్కింటి పిన్నమ్మ వేషం వేసింది, ఆ తర్వాత తల్లి. నాటకంలో చివరి మాట తల్లిది. రిహార్సల్లో అక్కడికి రాగానే ఏ కంపెనీలోనైనా "టమ్ టమ్" అని ఊరుకుంటారు. అసలు మాట మొదటి ఆటకు దాచిపెడతారు.

ఇప్పుడు ఐవీ ఎంత వెతికినా అక్కడ టమ్ టమ్ తప్ప ఇంకేమీ దొరకడం లేదు. పొద్దున బసలో టోస్టు ముందు కూర్చుని ఆ పేజీ చదువుతుంది, పైకి అనుకుంటుంది, కళ్లు మూసుకుని మళ్లీ అనుకుంటుంది. హాలు దగ్గర బస్సు దిగేసరికి అది ఉండదు. ఈ తల్లి వేషం తప్ప ఆమెను పిలిచే వేషం ఇంకొకటి లేదు. ఏజెంటు ఫోను ఎత్తడం మానేసి చాలా కాలమైంది.

"నిన్న రెండో అంకమంతా బెరిల్ అందిస్తూనే ఉంది," అన్నాడు డెనిస్. "నేను చెవిటివాణ్ణి కాను."

"జలుబు. తల దిమ్ముగా ఉంది."

"రేపు మొదటి ఆట. చివర్లో మీరొక్కరే ఉంటారు. హాలంతా నిశ్శబ్దం. అక్కడ బెరిల్ గుసగుసలాడితే బాల్కనీ దాకా వినిపిస్తుంది."

"వదిలెయ్యి డెనిస్," అంది బెరిల్. "నువ్వు నిక్కర్లేసుకు తిరిగే నాటికే ఆవిడకి ఈ నాటకం వచ్చు."

"నువ్వుండు తల్లీ." డెనిస్ మెట్లెక్కి వచ్చి ఐవీ కుర్చీ పక్కన వంగాడు. అతని దగ్గర పైపు పొగాకు వాసన. "నా చెవిలో చెప్పండి చాలు. నాటకం మునిగితే ఆ పాపం నాది."

ఐవీ గోడకేసి చూసింది. కాన్వాసు మీద పచ్చగా, చెమ్మగా మరక. ఎంత బాగా వేశారంటే చెయ్యి పెడితే తడి తగిలేట్టుంది. ఆమె చూపు ఆ మరక అంచు వెంట పైకి వెళ్లింది, మళ్లీ కిందికి వచ్చింది. అప్పుడు దొరికింది. ఒక్క అక్షరం కూడా చెదరకుండా, చెప్పినవాళ్లు పక్కనే ఉన్నట్టు దొరికింది. ఇంతసేపు దీనికోసమా అని నవ్వొచ్చింది. చెవిలో చెప్పడమేమిటి, బాల్కనీ దాకా వెళ్లనీ అనుకుంది. గొంతు సవరించుకుంది.

"అమ్మా, పెట్టె గుమ్మంలో పెట్టేశాను. వెళ్లొస్తాను."

గొంతు బాగా పలికింది. జలుబు జాడ కూడా లేదు. చూశావా అన్నట్టు ఐవీ బెరిల్ వైపు తిరిగింది. బెరిల్ ఒళ్లోని ప్రతికేసి చూస్తోంది, తల ఎత్తలేదు.

పక్క తెర దగ్గర, ఈసారి నెల్ వేషం వేస్తున్న పిల్ల "అది నా మాట..." అని ఆగిపోయింది.

డెనిస్ ఆమె చేతిలోని ఖాళీ కప్పుకేసి చూశాడు.

"బాగా చెప్పారు ఐవీ," అన్నాడు. తర్వాత నడుం ఎత్తి, మెట్ల వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా, "బెరిల్, రాసుకో. రేపటినుంచి చివర్లో ఆవిడ కప్పు కింద పెట్టగానే, మాట కోసం ఆగకుండా తెర దించెయ్యి," అన్నాడు.