నేను తీసేసిన చప్పుడు

ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ స్టూడియో గదిలో నా పని అక్కర్లేని చప్పుళ్లు తీసేయడం. ఏడుపు సీన్లో ఆటో హారన్ మోగినా, నేను తీసేస్తే అది మోగనట్టే. ఆరేళ్ల కిందట అలా తీసేసిన ఒక చప్పుడు గురించి ఇప్పటికైనా నిజం చెప్పాలి.

ఉత్తరాన అడవిలో కరెంటు లైను లేని గూడెం. వాగు నీళ్లు గుట్ట మీదికి ఎక్కించడానికి ఒక సంస్థ సోలార్ పలకలు, గాలిమర, పేడ గ్యాసు ఇంజను కలిపి ఒకే మోటారుకు బిగించింది. ఎండ లేకపోతే గాలి, అదీ లేకపోతే గ్యాసు. దాని మీద చిన్న సినిమా తీయడానికి వెళ్లాం. సౌండు రికార్డు చేసింది నేనే. షూటింగ్ రోజున మూడింటినీ కలిపే పెట్టె పనిచేయలేదు. డైరెక్టర్ మా జనరేటర్ నుంచి మోటారుకు వైరు లాగించాడు. లైట్ల కోసం జనరేటర్ అని గూడేనికి చెప్పాడు. నీళ్లు దూకాయి. మోటారు చూసుకోవడానికి గూడెం ఎన్నుకున్న ఆవిడ బిందె పట్టుకుని నవ్వింది. స్టూడియోకు వచ్చాక జనరేటర్ చప్పుడు తీసేసి పిట్టల కూతలు పెట్టాను.

ఏడాది తర్వాత ఆవిడ జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి, దారి అడుగుతూ మా స్టూడియోకు నడిచి వచ్చింది. చెప్పులు బయటే విడిచింది.

"అన్నా, గా దినం తర్వాత మోటరు ఒక్కపారి గూడ నడవలే. మోటరు వెట్టిన ఆఫీసోళ్లు మీ సినిమా జూపెట్టి, మంచిగున్నదాన్ని మీరే ఖరాబ్ జేసిండ్రు అన్నరు. ఇగ గూడెమంత నన్నే అంటున్నరు. మా అత్తయితే, నీ చెయ్యి వడ్డంక గాలి గూడ ఆగిపాయె అంటది." నవ్వబోయి ఆగింది. "జనరేటర్ సప్పుడు, నేను మీ డైరెక్టర్ సారునడిగిన మాట, నీ మిషన్ల ఉంటయ్ గదా? ఇయ్యి. ఆళ్లకు ఇనిపిస్త."

"పాతవి ఉంచుకోమమ్మా, చెరిపేస్తాం" అన్నాను. డిస్కు నా వెనక బీరువాలోనే ఉంది. ఆ సంస్థ మాకు ఇంకో సినిమా ఇస్తానంది.

"ఉంటె ఇయ్యకపోతవా" అని చెప్పులేసుకుంది. నమ్మింది.

మొన్న ఎండాకాలంలో ఆ రికార్డింగు ఫోన్‌లో వేసుకుని వెళ్లాను. గాలిమరకు రెక్కలు లేవు. బిందెతో గుట్ట ఎక్కుతున్న ముసలామెను ఆవిడ ఇల్లు అడిగాను.

"మోటరు ఖరాబ్ జేసినామెనా? నా కోడలే. జరమొచ్చి సచ్చిపాయె, రెండేండ్లాయె."

ఫోన్ తీసి వినిపించాను. ముందు జనరేటర్ రొద. దాని మీద ఆవిడ గొంతు: "సార్, గీ జనరేటర్ బంద్ జేస్తె నీళ్లొస్తయా?" డైరెక్టర్ గొంతు: "ఇప్పుడు రావమ్మా, పెట్టె తర్వాత బాగుచేస్తారు. మీరు నవ్వండి." ఆవిడ నవ్వు.

ముసలామె బిందె కింద పెట్టింది.

"నేను జెయ్యలే అత్తా అనేది. దినాం అనేది."

కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ వైపు చూసింది.

"మల్ల వెట్టు బిడ్డా."