ఊడ్చిన ఇల్లు

మొన్న ఆదివారం మా ఆఫీసు మిత్రులొకరు ఫోన్ చేసి, మా వీధి మలుపులోనే ఉన్నానని, ఐదు నిమిషాల్లో వస్తానని చెప్పారు. నేను కుర్చీ మీది బట్టలను మంచం కిందికి తోసి, చీపురు అందుకున్నాను. సగం గది ఊడ్చాక చెయ్యి ఆగిపోయింది. ఆయన వచ్చి, చాయ్ తాగి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు అమ్మా నేనూ ఖిలా వరంగల్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా చేలో పత్తి ఏరిన రోజుల్లో ముందుగది మాది కాదు, పత్తిది. ధర వచ్చేదాకా అది నడుమెత్తున దర్జాగా కూర్చుంటే, దాని ఇంట్లో అద్దెకున్నవాళ్లలా మేము గోడవారగా నడిచేవాళ్లం. అన్నంలో నూగు, దుప్పట్లలో గింజలు. కాలేజీలో ఒక మిత్రుడు నా తలలోంచి దూదిపోగు తీసి, "ఏందిర, మీ ఇంట్ల పరుపు పగిలిందా?" అన్నాడు. ఆ తర్వాత నేనెవరినీ ఇంటికి రమ్మనలేదు. అమ్మ కూడా, ఎవరొచ్చినా గడప బయటే పీట వేసేది. పేదరికం మా తప్పు కాదని ఇద్దరికీ తెలుసు. చెదిరిన ఇల్లు మాత్రం మా గుణాన్ని బయటపెడుతుందని ఎందుకో నమ్మాం.

ఆ చలికాలం ఒక ఉదయం బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలోంచి చాట జారిపోయింది. "కుడిచెయ్యి మొద్దుబారింది బిడ్డా," అన్నది. మాట ముద్దగా వచ్చింది. పక్కింటి ఆటో చాచాను పిలుస్తానని లేచాను.

"ఆగు. గీ ఇంట్లకు మనిషినెట్ల పిలుస్తవ్? ముందు జర ఊడ్వు."

నేను ఊడ్చాను. దుప్పట్లు మడతపెట్టాను. పత్తి మీద చీర కప్పాను. అమ్మ గోడకు ఆనుకొని, నేను వదిలిన మూలలను ఎడమచేత్తో చూపించింది. అరగంట పట్టింది.

చాచా చెప్పులతోనే లోపలికి వచ్చాడు. "కుర్చీ... దులుపు," అన్నది అమ్మ నాతో.

"నీ ఇల్లు కొనటానికొచ్చిన్నా చెల్లె? లెవ్వు!" అంటూ ఆమెను రెండు చేతులమీద ఎత్తుకొని, నా వైపు తిరిగాడు. "అరే బేటా, గోడ అవతలనే ఉన్న గద! ఒక్క కేకేస్తే ఉరికొస్తుంటి." ఆయన ఇంటివైపు చూడనేలేదు.

దవాఖానలో డాక్టరమ్మ, "ఎప్పుడు మొదలైంది? సరిగ్గా చెప్పు, పక్షవాతానికి టైమే ముఖ్యం," అన్నది. ఎనిమిదింటికని నాకు తెలుసు. ఇంతసేపు ఏం చేశారని అడిగితే ఊడ్చామని చెప్పాలి. "ఎనిమిదిన్నర, మేడం," అన్నాను. ఆమె కాగితం మీద అదే రాసుకుంది.

అమ్మ బతికింది. కుడిచెయ్యి తిరిగి రాలేదు. అరగంట ముందు వచ్చి ఉంటే దక్కేదా అని నేనెవరినీ అడగలేదు. అడగాలంటే ముందు నా అబద్ధం చెప్పుకోవాలి. చెయ్యి సంగతి ఎవరైనా కదిపితే అమ్మే అందుకుంటుంది: "మా పిలగాడు జల్ది తీస్కపోయిండు. లేకుంటే పాణమే పోతుండె." నేను తల ఊపుతాను. ఏమీ అనిపించదు. తర్వాతి ఏళ్లన్నీ వాటంతట అవే గడిచిపోయాయి. ఏ కాగితం మీదా లేని ఆ అరగంటను మాత్రం మేమిద్దరం ఇంకా కలిసే దాస్తున్నాం.